దేవుడికి వదిలిన అడవి: జపాన్ షింటో వనాలు ఎలా నిలిచాయి?

ఎనిమిదో శతాబ్దం తొలినాళ్ళలో జపాన్ రాజధాని నుంచి అన్ని రాష్ట్రాలకూ ఒక ఆజ్ఞ వెళ్ళింది. మీ నేల, పంటలు, ఊళ్ళ పేర్లు, పెద్దలు చెప్పుకునే కథలు అన్నీ రాసి పంపండి అని. ఇప్పటి ఇబరాకి ప్రాంతమైన హితాచి పంపిన గ్రంథంలో ఒక కథ ఉంది. మతాచి అనే అతను లోయలో రెల్లు కొట్టించి పొలం చేయబోయాడు. తల మీద కొమ్ములున్న పాము దేవతలు గుంపులుగా వచ్చి అడ్డుపడ్డాయి. మతాచి కవచం తొడిగి, ఈటె పట్టి వాటిని కొండ దాకా తరిమాడు. కొండ మొదట్లో ఒక గుంజ పాతి, "దీనికి పైన ఉన్నది దేవతలది, కింద ఉన్నది మనుషుల పొలం. ఇకమీదట నేను పూజారినై తరతరాలా కొలుస్తాను, మమ్మల్ని శపించవద్దు" అని మొక్కుకున్నాడు. అక్కడ గుడి వెలిసింది. అతని వంశంవారు పూజలు సాగించారు.

కథ అక్కడితో ఆగలేదు. వందేళ్ళు దాటాక, ఏడో శతాబ్దం మధ్యలో, మారో అనే అధికారి అదే లోయలో చెరువు కట్ట వేయించాడు. పాములు మళ్ళీ వచ్చి చెరువు పక్కనున్న చెట్టెక్కి ఎంతకీ కదలలేదు. ఈ చెరువు ప్రజల బతుకు కోసం, రాజు మాటకు లొంగని దేవుడెవరు అని మారో గద్దించాడు. కంటపడిన ప్రతి ప్రాణినీ జంకు లేకుండా చంపేయండని కూలీలకు చెప్పాడు. పాములు తప్పుకున్నాయి.

షింటో అంటే ప్రకృతిని పూజించే మతమని, అందుకే జపాన్ పచ్చగా ఉందని చాలా చోట్ల చదువుతాం. ఆ మాటలో నిజం ఉంది గాని సగమే. ఈ పాత కథ మిగతా సగాన్ని చూపిస్తుంది. దేవతల అడవి ఒక ఒప్పందంతో మిగిలిన భాగం. గుంజకు అవతల భయభక్తులు, ఇవతల నాగలి, గొడ్డలి. ఆ గుంజను జరపాలనుకున్నవాళ్ళు ప్రతి కాలంలోనూ ప్రజల మేలు పేరుతో, ప్రభుత్వ ముద్రతోనే వచ్చారు. జపాన్ పవిత్ర వనాల చరిత్ర చాలా వరకు ఆ గుంజ ఎటు జరిగిందో చెప్పే చరిత్రే.

షింటోకు స్థాపకుడు లేడు, అందరూ ప్రమాణంగా తీసుకునే ఒకే మతగ్రంథమూ లేదు. ఆరాధన అంతా కామి చుట్టూ తిరుగుతుంది. 18వ శతాబ్దపు పండితుడు మొతోఒరి నొరినగా చెప్పిన ప్రకారం మామూలుకు మించిన శక్తి ఉండి, చూసినవారికి గగుర్పాటు కలిగించేది ఏదైనా కామియే. అది మనిషి కావచ్చు, పక్షి, చెట్టు, కొండ, సముద్రం కావచ్చు. మంచిదే కానక్కర్లేదు, కీడు చేసేదీ కామి కావచ్చు. ఊరి పొలిమేరలో వేపచెట్టు మొదట్లోని రాయికి పసుపు రాసి అమ్మవారని మొక్కే తెలుగువారికి ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. జపాన్‌లో పెద్ద చెట్టు మానుకు వరిగడ్డితో పేనిన లావుపాటి తాడు చుట్టి, దానికి వంకర్లుగా మడిచిన తెల్ల కాగితాలు వేలాడదీస్తారు. ఆ తాడు కనిపిస్తే అక్కడి నుంచి కామి ఇల్లు మొదలైనట్టు.

కామికి మొదట్లో గుళ్ళు లేవు. పండగకు కొండ మీది బండకో, చెట్టుకో దేవుడిని ఆవాహన చేసి, పూజ ముగిశాక సాగనంపేవారు. శాశ్వతమైన ఆలయాలు తర్వాత వచ్చాయి. వాటి రాకలో బౌద్ధం తెచ్చిన నిర్మాణకళ ప్రభావం ఉంది. పాత పద్ధతి ఇంకా బతికున్న చోటు నారా దగ్గరి ఓమివా ఆలయం. అక్కడ గర్భగుడి లేదు. 1664లో అప్పటి సైనిక పాలకుడు, షోగన్ తొకుగావా ఇయెత్సునా కట్టించిన ఆరాధన మండపంలో నిలబడి, మూడు ద్వారాలు కలిసిన ఒక వింత తోరీ (షింటో గుడి ముఖద్వారం) గుండా వెనకనున్న మివా కొండకే మొక్కుతారు. కొండ ఎత్తు 467 మీటర్లు, అంతే. ఎక్కాలంటే కొండ మొదట్లోని చిన్న గుడిలో పేరు రాయించి, రుసుము కట్టి, శుద్ధి చేసుకుని, మెడలో తెల్లని పట్టీ వేసుకోవాలి. ఫొటోలు తీయకూడదు. నీళ్ళు తప్ప ఏమీ నోట పెట్టకూడదు. ఆలయ ఆవరణలో ఒక పాత సుగి చెట్టు ఉంది. జపాన్ దేవదారు అనుకోవచ్చు. మివా దేవుడి పాము దాని తొర్రలో ఉంటుందని నమ్మకం. భక్తులు దాని ముందు కోడిగుడ్లు, బియ్యం సారా పెట్టి వెళ్తారు.

ఇలాంటి నిషేధాలే అడవిని కాపాడాయి. వాటిలో భయం పాలు తక్కువేమీ కాదు. దేవుడి చెట్టు నరికితే ఊరికి రోగం వస్తుందని, ఇంట్లో చావు జరుగుతుందని భయం. క్యూషూకు సుమారు 60 కిలోమీటర్ల దూరాన సముద్రంలో ఉన్న ఒకినోషిమా దీవి మొత్తం ఒక దేవత. దాని మీద నుంచి ఒక ఆకు, ఒక పుల్ల కూడా బయటికి తీసుకుపోకూడదు. అక్కడ చూసింది బయట చెప్పకూడదు. ఆడవాళ్ళు అడుగు పెట్టకూడదనే నియమం ఇప్పటికీ ఉంది. ఈ కాలానికి నచ్చని నియమం అది, దాన్ని దాచి పొగడటంలో అర్థం లేదు. ఆ కట్టుబాట్ల వల్లే నాలుగో శతాబ్దం నుంచి తొమ్మిదో శతాబ్దం దాకా నావికులు సమర్పించిన అద్దాలు, ఉంగరాలు, పూసలు బండల నీడన వదిలినవి వదిలినట్టే ఉండిపోయాయి. 1954 తర్వాత జరిగిన తవ్వకాల్లో సుమారు 80,000 వస్తువులు దొరికాయి. 2017లో దీవికి ప్రపంచ వారసత్వ హోదా వచ్చాక జనం ఎగబడకుండా, ఏడాదికి ఒక్క రోజు మగవారికి ఇచ్చే అనుమతినీ ఆలయం మానేసింది.

నారాలోని కసుగా కొండ కథ వేరు. 841లో అక్కడ వేట, చెట్ల నరికివేత నిషేధించారు. దాదాపు పన్నెండు వందల ఏళ్ళుగా ఆ నిషేధం ఉన్నందున, నగరం అంచునే సుమారు 250 హెక్టార్ల పాత అడవి మిగిలింది. అయితే కసుగా దేవుడు తెల్ల జింక మీద వచ్చాడని నమ్మకం కాబట్టి నారాలో జింకలు కూడా పవిత్రమే. అవి మొలకలను మేసేస్తాయి. ఓక్ జాతుల పిల్ల మొక్కలు పైకి రావు. జింకలు ముట్టని నగి అనే చెట్టు మాత్రం జోరుగా విస్తరిస్తోంది. ఒక పవిత్రతను ఇంకో పవిత్రత తినేస్తోంది. ఇప్పుడు అడవిలో అక్కడక్కడా కంచెలు కట్టి మొలకలను కాపాడుకోవాల్సి వస్తోంది. ముట్టుకోకుండా వదిలేస్తే అడవి తన సంగతి తాను చూసుకుంటుందనే మాట కసుగాలో నిలబడలేదు.

ఇసే మహాలయంలో అయితే ముట్టుకోకపోవడం అన్న ప్రశ్నే లేదు. సూర్యదేవత అమతెరాసు కొలువైన ఈ ఆలయాన్ని ప్రతి 20 ఏళ్ళకొకసారి పక్క స్థలంలో కొత్తగా కట్టి, దేవతను అందులోకి తరలిస్తారు. 690లో జితో మహారాణి కాలంలో మొదలైన ఈ ఆనవాయితీలో 2013లో జరిగినది 62వది. తర్వాతిది 2033లో. ఒక్కో విడతకు పది వేలకు పైగా హినోకి దుంగలు కావాలి. హినోకి అంటే లేత పసుపు రంగులో, మంచి వాసనతో ఉండే జపాన్ సైప్రస్. ప్రకృతి ఆరాధనకు తలమానికమైన ఆలయమే ప్రకృతి నుంచి అంత కలప అడుగుతుంది. ఇందులో వైరుధ్యం ఉందని కొందరికి అనిపిస్తుంది. షింటో కోణంలో చెట్టును నరకడం పాపం కాదు, అడగకుండా నరకడం తప్పు.

ఆ అడగడం ఎలా ఉంటుందో 2025 జూన్‌లో మధ్య జపాన్‌లోని కిసో కొండల్లో జరిగిన వేడుక చూపించింది. 63వ విడతకు మొదటి చెట్లను అక్కడే నరికారు. దాదాపు 300 ఏళ్ళ వయసున్న రెండు హినోకిలు. రంపం వాడరు. తెల్ల బట్టలు కట్టుకున్న వనకార్మికులు గొడ్డళ్ళతో మూడు వైపుల నుంచి లోపలికి కొట్టుకుంటూ పోయి, మానును మూడు కాళ్ళ మీద నిలబెట్టినట్టు చేస్తారు. లోపలి కలప చీలకుండా, అనుకున్న దిక్కుకే పడేలా చేసే పాత పద్ధతి ఇది. ఆఖరి కాలును కొట్టేముందు కొండ దేవతను పిలిచి, చెట్టు ఒకటి పడుకోబోతోందని కేక వేస్తారు. పడిన చెట్టు చివరి కొమ్మను తెచ్చి మొద్దు మధ్యలో గుచ్చుతారు. తీసుకున్న ప్రాణాన్ని మళ్ళీ కొండకు అప్పగించడం దాని ఉద్దేశం. 20 ఏళ్ళ తర్వాత ఆలయం విప్పినప్పుడు ఆ కలప కూడా పారేయరు. మూల స్తంభాలు ఉజి వంతెన దగ్గర తోరీలుగా మారతాయి. మిగతాది దేశంలోని ఇతర ఆలయాలకు వెళ్తుంది.

ఇంత మర్యాద ఉన్నా ఇసే తన అడవిని తానే పోగొట్టుకుంది. మొదట్లో ఆలయం వెనక కొండల నుంచే కలప వచ్చేది. మధ్యయుగాల నాటికి పెద్ద చెట్లు అయిపోయాయి. కలప తెచ్చుకునే కొండ దూరం దూరం జరుగుతూ చివరికి కిసోకు చేరింది. యుద్ధాల రోజుల్లో డబ్బులేక 1462 తర్వాత లోపలి ఆలయ పునర్నిర్మాణం 1585 దాకా ఆగిపోయింది. షోగన్ల ఎదో పాలనా కాలం (1603–1868) వచ్చాక యాత్రికులు లక్షల్లో పోటెత్తారు. 1830లో ఒక్క ఏడాదిలోనే 40 లక్షల మందికి పైగా వచ్చారని అంచనా. వాళ్ళందరికీ వంటచెరకు సరఫరా చేసి ఆలయం వెనక కొండలు బోడిగుండ్లయ్యాయి. 1918లో ఇసుజు నది పొంగి పట్టణాన్ని ముంచెత్తింది. భక్తులే తమ దేవత అడవిని పొయ్యిలో పెట్టారు. షింటో చరిత్రలో కప్పిపుచ్చకుండా చెప్పుకోవాల్సిన ఘట్టం ఇది.

ఆ వరద తర్వాత 1923లో ఆలయం ఒక ప్రణాళిక వేసుకుంది. దాని గడువు 200 ఏళ్ళు. సుమారు 5,500 హెక్టార్ల అడవిలో సగం దాకా సహజంగా వదిలేసి, మిగతా భాగంలో హినోకి నాటారు. మధ్యలో మొలిచే వెడల్పాకుల చెట్లను పీకేయకుండా కలగలిసి పెరగనిస్తారు. ఆలయ నిర్మాణానికి పనికొచ్చే చెట్టుకు తెల్ల రంగుతో ఒక గీత చుడతారు, మహాస్తంభంగా ఎదగాల్సిన చెట్టుకు రెండు గీతలు. ఆ రెండు గీతలు గీసిన చేతులు ఆ చెట్టు నరికే రోజును చూడవు, వాటి మనవల చేతులూ చూడవు. 2013 నిర్మాణంలో దాదాపు నాలుగో వంతు కలప ఈ అడవి నుంచే వచ్చింది. సొంత కొండ కలప ఆలయానికి చేరడం దాదాపు 700 ఏళ్ళ తర్వాత అదే మొదటిసారి. ఒక నిర్లక్ష్యాన్ని దిద్దుకోవడానికి ఇంత ఓపిక పట్టిన సంస్థలు ప్రపంచంలో ఎన్నో లేవు.

ఇక్కడ ఇంకో అపోహ గురించి కూడా చెప్పుకోవాలి. ప్రతి ఊరి గుడి చుట్టూ ఉండే చిన్న వనాన్ని చింజు నో మోరి అంటారు. అవి అనాది అడవుల అవశేషాలని, మనిషి చెయ్యి పడనివని అంటుంటారు. కసుగా లాంటి కొన్నింటి విషయంలో అది చాలా వరకు నిజం. అయితే ఎదో కాలపు చిత్రాల్లోనూ, 19వ శతాబ్దపు తొలి ఫొటోల్లోనూ చాలా గుళ్ళ చుట్టూ కనిపించేవి పైన్ చెట్లు. ఊరివాళ్ళు పుల్లలు ఏరుకుని, రాలిన ఆకులు పొలానికి ఎరువుగా మోసుకుపోయేవారు. అలా బక్కచిక్కిన నేలలో పైన్ బాగా పెరుగుతుంది. గ్యాస్ పొయ్యిలు, రసాయన ఎరువులు వచ్చి ఆ ఏరుకోవడం ఆగాకే చాలా వనాలు ఇప్పటి చిక్కని పచ్చదనానికి తిరిగాయి. అంటే ఇవి ఊరి బతుకుతో పాటు రూపం మార్చుకుంటూ వచ్చిన వనాలు. దీనితో వాటి విలువ తగ్గదు. కాకపోతే వాటిని నిలిపింది ఒక్క దైవభక్తే అనుకుంటే, ఊరి అవసరాలను, శ్రమను లెక్కలోంచి తీసేసినట్టవుతుంది.

షింటో వనాలకు అతి పెద్ద దెబ్బ షింటోను నెత్తిన పెట్టుకున్న ప్రభుత్వం చేతుల్లోనే తగిలింది. 1868 దాకా షింటో, బౌద్ధం కలగలిసి ఉండేవి. చాలా చోట్ల గుడి, విహారం ఒకే ఆవరణలో ఉండేవి. ఆ ఏడు షోగన్ల స్థానంలో చక్రవర్తి పేరుతో వచ్చిన మెయిజీ ప్రభుత్వం రెండింటినీ విడదీసి, షింటోను రాజభక్తికి పునాదిగా మార్చింది. మరోవైపు 1871లో ఆలయాల భూములను, వాటితో పాటు అడవులను స్వాధీనం చేసుకుంది. 1906లో విలీన విధానం వచ్చింది. ఊరికొక్క గుడి చాలు, మిగతావన్నీ అందులో కలిపేయండి అన్నది దాని సారాంశం. నిర్ణీత మూలధనం చూపలేని గుడి మూతపడాలి. పదేళ్ళు గడవకముందే సుమారు 70,000 గుళ్ళు మాయమయ్యాయి. మియె రాష్ట్రంలో పదింట తొమ్మిది పోయాయి. గుడి పోతే దాని చుట్టూ ఉన్న వందల ఏళ్ళ కర్పూర చెట్లు, దేవదారులు కలపగా అమ్ముడుపోయాయి. అధికారులు, కలప వర్తకులు, కొన్నిచోట్ల పూజారులు కూడా ఆ బేరాల్లో ఉన్నారు. మారో అడిగిన ప్రశ్ననే ఈసారి హోంశాఖ అడిగింది.

దానికి అడ్డు నిలిచిన మనిషి మినకతా కుమగుసు. 1867లో వాకయామాలో పుట్టాడు. లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఏళ్ళ తరబడి చదువుకుని, 1900లో తిరిగొచ్చి తనబే అనే చిన్న రేవు పట్టణంలో స్థిరపడ్డాడు. జిగురు బూజులు (స్లైమ్ మోల్డులు), నాచు, శిలీంధ్రాలు ఆయన లోకం. వాటి కోసం గుడి వనాల్లో మోకాళ్ళ మీద పాకేవాడు. తను కొత్త జీవులను కనుగొన్న వనాలే కళ్ళ ముందు నేలకూలుతుంటే ఆగలేకపోయాడు. పత్రికల్లో రాశాడు, పండితులకు పేజీల కొద్దీ ఉత్తరాలు రాశాడు. జానపద శాస్త్రవేత్త యనగితా కునియో వాటిలో రెండింటిని 1911లో అచ్చువేయించి రాజధానిలో పంచాడు. 1910లో విలీనాన్ని సమర్థించే అధికారి పాల్గొన్న సభలోకి కుమగుసు తాగి చొరబడి, చేతి సంచి విసిరి, 18 రోజులు జైల్లో ఉన్నాడు. జైలు ఆవరణలోనూ ఒక జిగురు బూజును పట్టుకున్నాడు.

కుమగుసు వాదన ఇప్పుడు చదివినా కొత్తగా ఉంటుంది. చెట్లు పోతే పక్షులు పోతాయి, పక్షులు పోతే పంటకు పురుగు పడుతుంది, పురుగు మందుకు పెట్టే ఖర్చు గుడి ఖర్చు కంటే ఎక్కువవుతుంది అన్నాడు. దూరాన ఉన్న విలీన గుడికి ముసలివాళ్ళు, పిల్లలు నడవలేరు, పండగలు ఆగిపోతాయి, ఊరి మీద మమకారం పోతుంది అన్నాడు. 1911లో వాకయామా గవర్నరుకు రాసిన ఉత్తరంలో ఎకాలజీ అనే మాట వాడి, ఒక వనంలోని జీవులు ఒకదానితో ఒకటి ఎంత చిక్కుముడిగా అల్లుకుని ఉంటాయో వివరించాడు. ఆయన దృష్టిలో దేవుడు, పంట, పక్షి, ఊరి పండగ వేర్వేరు విషయాలు కావు. భక్తి పేరుతో మాట్లాడిన ప్రభుత్వం కంటే, బూజులు వెతుక్కునే ఈ మొండి మనిషికే షింటో ఎక్కువ అర్థమైందని ఈ రచయిత నమ్మకం.

విలీనం పనికిరాదని 1920లో పార్లమెంటు ఎగువ సభ తీర్మానించింది. అప్పటికి చాలా వనాలు పోయాయి. కుమానో యాత్రా మార్గంలో నోనకా దగ్గర, కొమ్మలన్నీ దక్షిణం వైపుకే చాచిన దేవదారులు కొన్ని ఇప్పటికీ నిలబడి ఉన్నాయంటే అది ఆయన పోరాటం చలవే. తనబే అఖాతంలోని కషిమా దీవి వనం కూడా ఆయన కాపాడినదే. 1929లో హిరోహితో చక్రవర్తి ఆ దీవికి వచ్చినప్పుడు, కుమగుసు తన జిగురు బూజుల నమూనాలను మిఠాయి అట్టపెట్టెల్లో పెట్టి బహూకరించాడు.

గుళ్ళ వనాలు కూలుతున్న ఆ సంవత్సరాల్లోనే టోక్యోలో ఒక కొత్త పవిత్ర వనానికి రూపకల్పన జరగడం విచిత్రం. 1912లో మెయిజీ చక్రవర్తి చనిపోయాక ఆయన పేర ఆలయం కట్టాలనుకున్నారు. యొయొగిలో దొరికిన స్థలంలో ఎక్కువ భాగం గడ్డి, పొలాలు, అక్కడక్కడా పైన్ చెట్లు. అటవీ శాస్త్రవేత్త హొండా సెయిరోకు, ఆయన శిష్యులు హొంగో తకనొరి, ఉయెహరా కెయిజి దానిని శాశ్వతమైన అడవిగా మార్చే పని చేపట్టారు. ప్రధానమంత్రి ఒకుమా షిగెనొబుకు నిక్కోలో ఉన్నట్టు గంభీరమైన దేవదారు వరుసలు కావాలి. పొగ, పొడి నేల ఉన్న టోక్యోలో దేవదారు నిలవదని హొండా బృందం పెరుగుదల లెక్కలు ముందు పెట్టి ఆయనను ఒప్పించింది. కర్పూరం, ఓక్, షీ అనే నిత్యపచ్చని చెట్లను ఎంచుకున్నారు. శతాబ్దాలుగా మనిషి అడుగు పడని నింతొకు చక్రవర్తి సమాధి దిబ్బ మీది అడవి వారికి నమూనా.

దేశమంతటి నుంచి 365 రకాలకు చెందిన సుమారు లక్ష చెట్లు కానుకలుగా వచ్చాయి. 1,10,000 మంది యువకులు ఉచితంగా పనిచేశారు. 1920లో ఆలయం తెరిచే నాటికి పైన పొడవాటి పైన్, మధ్యలో హినోకి వంటి సూదాకుల చెట్లు, కింద ఓక్, కర్పూరం మొక్కలు అంతస్తులుగా నాటి ఉన్నాయి. పై వాటిని మధ్యవి, మధ్యవాటిని కిందివి దాటుకుని, 150 ఏళ్ళ నాటికి తనంతట తాను మొలకెత్తి పెరిగే అడవి కావాలని వారి లెక్క. అనుకున్నదానికంటే ముందే అలా అయింది. ఇప్పుడు 70 హెక్టార్లలో దాదాపు 36,000 చెట్లు ఉన్నాయి. పోటీలో ఓడినవి వాటంతటవే పోయాయి. 1945 బాంబుదాడిలో ఆలయం కాలిపోయింది, వనం మిగిలింది. పెద్ద చీపుళ్ళు పట్టిన కార్మికులు రోజూ దారి పొడవునా ఆకులు ఊడుస్తారు. ఒక్క ఆకు కూడా బయటికి పోదు, అంతా పోగుచేసి చెట్ల కిందే పోస్తారు. మొక్క నాటకూడదు, చెట్టు నరకకూడదు, ఆకు తీసుకుపోకూడదు. ఒకినోషిమా నిషేధమే ఇక్కడ శాస్త్రవేత్తల సూచనగా అమలవుతోంది.

గుంజకు ఇవతల మాత్రం జపాన్ వేరే దారిలో నడిచింది. దేశంలో మూడింట రెండు వంతులు అడవే, అందులో సుమారు 40 శాతం నాటిన తోట. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇళ్ళ కలప కోసం సహజమైన అడవులు కొట్టి సుగి, హినోకి వరుసలు పెట్టారు. 1964లో కలప దిగుమతులకు తలుపులు తెరవడంతో వాటి ధర పడిపోయింది, పలచన చేసేవారు లేక కొండలు చీకటి తోటలయ్యాయి. ప్రతి వసంతంలో వాటి పుప్పొడికి కోట్లమంది తుమ్ములతో, కళ్ళ మంటలతో బాధపడుతున్నారు. కామి కొలువున్న దేశంలోనే ఇది జరిగింది. మతం ప్రకృతిని కాపాడుతుందనే వాదన ఎంత దూరం పోగలదో తేల్చుకోవడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

గుడి వనాలు దేశానికి చేసిన అసలు మేలు ఇక్కడే తెలిసింది. ఒక నేలలో మొదట ఏ చెట్లు ఉండేవో చెప్పగల జ్ఞాపకం వాటిలోనే మిగిలింది. వృక్ష పర్యావరణ శాస్త్రవేత్త అకిరా మియవాకీ దేశమంతా తిరిగి వాటిని పరిశీలించి, స్థానిక జాతుల జాబితాలు కట్టాడు. ఆ జాతుల నారును చదరపు మీటరుకు మూడు చొప్పున కలగలిపి నాటి, రెండు మూడేళ్ళు కలుపు తీసి, తర్వాత వదిలేసే పద్ధతిని రూపొందించాడు. 1970లలో ఉక్కు కర్మాగారాల చుట్టూ మొదలైన ఆ పని చాలా దేశాలకు పాకింది. తెలంగాణలో చౌటుప్పల్ దగ్గర అటవీశాఖ పెంచి, యాదాద్రి నమూనా అని పేరు పెట్టిన చిట్టడవికి మూలం కూడా అదే. అయితే మియవాకీ పద్ధతిలో మొదటి మెట్టు దగ్గరలోని పాత వనాన్ని చదవడం. ఆ మెట్టు దాటేసి, దొరికిన నారంతా కిక్కిరిసి నాటి దానికి ఆయన పేరు పెడితే, జపాన్ గుడి వనం నేర్పిన పాఠం వదిలేసి కొలత మాత్రం తెచ్చుకున్నట్టు. నల్లమల అంచుల్లో, దక్కన్ మెట్టభూముల్లో సహజంగా ఉండేది ఆకురాల్చే పలచని అడవి, గడ్డి, పొదలు.

జపాన్‌లో ఈ వనాలకు ఇప్పుడున్న చిక్కు డబ్బు. గుళ్ళు సుమారు 80,000, పూజారులు 20,000కు కాస్త ఎక్కువ. పల్లెల్లో ఒక్కో పూజారి పదుల గుళ్ళు చూసుకుంటున్నాడు. పండగకు మోకులు లాగే కుర్రవాళ్ళు లేరు. పట్టణాల్లో ఇరుగుపొరుగువారు ఆకులు కాలువలో పడుతున్నాయని, కొమ్మలు ఇంటి మీద పడతాయని ఫిర్యాదు చేస్తారు. కొమ్మలు కొట్టించడానికే గుడి ఆదాయం చాలదు. ప్రపంచ వారసత్వ స్థలమైన క్యోటోలోని షిమొగామో ఆలయం మరమ్మతుల ఖర్చు కోసం తన ఆవరణ అంచులోని స్థలాన్ని 50 ఏళ్ళ లీజుకిచ్చి అపార్ట్‌మెంట్లు కట్టించుకోనిచ్చింది. 2015లో ఆ నిర్ణయం బయటపడ్డప్పుడు క్యోటోలో నిరసన రేగింది.

టోక్యోలో గొడవ ఇంకా పెద్దది. మెయిజీ ఆలయానికి లోపలి వనంతో పాటు, 1926లో పూర్తయిన బయటి ఉద్యానం కూడా ఉంది. బేస్‌బాల్ మైదానం, రగ్బీ మైదానం, గింకో చెట్ల బాట అక్కడివే. మైదానాలను కొత్తగా కట్టి, పక్కన ఆకాశహర్మ్యాలు లేపే పథకానికి 2023లో నగర ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. స్థిరాస్తి సంస్థలతో పాటు ఆలయం కూడా ఆ పథకంలో భాగస్వామి. సంగీతకారుడు ర్యూయిచీ సకమొతో చనిపోయే ముందు గవర్నరుకు ఉత్తరం రాసి వద్దన్నాడు. వ్యతిరేకించిన సంతకాలు 2 లక్షలు దాటాయి. అయినా 2024 అక్టోబరులో చెట్లు కొట్టడం మొదలైంది. ఆలయం చెప్పే కారణం సూటిగానే ఉంది. బయటి ఉద్యానం సంపాదించే డబ్బుతోనే లోపలి వనం బతుకుతోంది, పాతబడిన మైదానాలు కూలితే ఆ ఆదాయం పోతుంది.

ఆ మాట అబద్ధమని కొట్టిపారేయలేం. 1947 రాజ్యాంగంలోని 89వ అధికరణం మత సంస్థలకు ప్రజాధనం ఇవ్వడాన్ని నిషేధించింది. ప్రభుత్వ షింటో పేరుతో జరిగిన ఘోరాలు తెలిసినవారెవరూ దాన్ని ఎత్తేయమనరు. దాని ఫలితంగా గుడి వనానికి సాయం అందాలంటే అది సహజ స్మారకంగానో, సాంస్కృతిక సంపదగానో, 1962 చట్టం కింద రక్షిత వృక్షాలుగానో నమోదు కావాలి. కసుగాకు, ఒకినోషిమాకు ఆ హోదాలు దొరుకుతాయి. ఊరి చివర అర ఎకరం స్థలంలో పది కర్పూర చెట్లున్న పేరులేని గుడికి దొరకవు. 1906లో పోయినవి అలాంటి గుళ్ళే, ఇప్పుడు పోతున్నవీ అవే. వనాన్ని వనంగా, దేవుడితో సంబంధం లేకుండా, అది ఇచ్చే నీడకు, నీటికి, పక్షులకు విలువ కట్టి పట్టణపాలక సంస్థలు నేరుగా చెట్ల సంరక్షణ ఖర్చు భరించే పద్ధతి విస్తరిస్తే తప్ప, చిన్న గుడికి తన స్థలాన్ని కార్ల పార్కింగుకు అద్దెకిచ్చుకోవడం మినహా వేరే దారి కనిపించడం లేదు.